‘పాతకక్షలు’ అన్న మాట దగ్గర ఆగే చదువు

దూరదేశాల యుద్ధాల గురించి తెలుగులో వచ్చే వార్తలకు ఒక స్థిరమైన నుడికారం ఉంది. ‘ఇరు తెగల మధ్య హింస చెలరేగింది’, ‘ఉద్రిక్తత నెలకొంది’, ‘పాతకక్షలే కారణమని భావిస్తున్నారు’, ‘వందలాది మంది ప్రాణాలు కోల్పోయారు’. ఈ వాక్యాల్లో చంపినవాడు ఎక్కడా కనిపించడు. హింస తనంతట తానే మంటలా లేచినట్టు, ఉద్రిక్తత మబ్బులా కమ్ముకున్నట్టు, మనుషులు తమ ప్రాణాలను ఎక్కడో పారేసుకున్నట్టు ఉంటుంది. ఎవరు కాల్చారో, తుపాకీ ఎవరిచ్చారో, ఆ వారమే ఎందుకు కాల్చారో చెప్పవలసిన చోట ‘పాతకక్షలు’ అన్న ఒక్క మాట వచ్చి కూర్చుంటుంది. చాలామంది పాఠకులు ఆ మాటతో తృప్తిపడి ముందుకు వెళ్లిపోతారు. అన్ని యుద్ధాలనూ లోతుగా చదివే తీరిక అందరికీ ఉండదు కనుక వారిని తప్పుపట్టలేం. మానవశాస్త్ర పరిశోధకులు మాత్రం సరిగ్గా అక్కడే ఆగవలసి ఉంటుంది. వారి రోజువారీ పనిలో పెద్ద భాగం ఆ ఆగడమే.

పైకి చూస్తే ఈ పనిలో వేరువేరు అలవాట్లు కనిపిస్తాయి. పొద్దున లేవగానే యుద్ధవార్తలు చూస్తారు, రోజంతా పుస్తకాలతో గడుపుతారు, సాయంత్రం తోటివారితో రాజకీయాలు వాదిస్తారు. విడివిడిగా అనిపించే ఈ మూడూ నిజానికి ఒకే దారంలోని పోగులని నా అవగాహన. వార్తలో కనిపించే ‘తెగ’ అన్న మాటకు నేటి అర్థం చాలావరకు పుస్తకాల్లోంచి వచ్చింది. ఆ పుస్తకాలు రాయించడంలో ఏదో ఒక ప్రభుత్వానికి అవసరం ఉంది. ఆ ప్రభుత్వం అప్పుడు గీసిన గీతలే తర్వాతి యుద్ధాల్లో కంచెలయ్యాయి. ఈ సంగతి సిద్ధాంతంగా చెబితే గాలిలో మాటలా ఉంటుంది కనుక, ప్రధానంగా ఒకే ప్రాంతాన్ని పట్టుకుని ముడి విప్పే ప్రయత్నం చేస్తాను. మానవశాస్త్రపు పునాది గ్రంథాల్లో కొన్ని సుడాన్‌లో పుట్టాయి. 2023 ఏప్రిల్ 15న సుడాన్ రాజధాని ఖార్టూమ్‌లో మొదలైన యుద్ధం కోటి మందికి పైగా ప్రజలను ఇళ్ల నుంచి వెళ్లగొట్టి, ప్రపంచంలోకెల్లా పెద్ద నిర్వాసిత సంక్షోభంగా మారింది. అందుకే సుడాన్‌ను, 2011లో దాని నుంచి విడిపోయిన దక్షిణ సుడాన్‌ను ఎంచుకుంటున్నాను.

సామాజిక మానవశాస్త్రం చదివే విద్యార్థి ఏ దేశంలో చదివినా దాదాపు తప్పించుకోలేని పుస్తకం ఒకటుంది. అది బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఎవాన్స్-ప్రిచర్డ్ 1940లో ప్రచురించిన ‘ది నూయర్’. ఇప్పటి దక్షిణ సుడాన్‌లో, నైలు నది పరీవాహకంలోని చిత్తడి నేలల్లో, గడ్డి మైదానాల్లో పశువులను పెంచుకుంటూ బతికే నూయర్ ప్రజల గురించిన గ్రంథమది. అప్పటికి వారి సంఖ్య సుమారు 2 లక్షలు. రాజు లేడు, పోలీసు లేడు, న్యాయస్థానం లేదు. అయినా ఆ సమాజం చెల్లాచెదురు కాకుండా ఎలా నిలబడిందన్నది ఆయన వేసుకున్న ప్రశ్న. జవాబు ఆయనకు వంశవృక్షంలో దొరికింది. ఒక తాత సంతతి మరో తాత సంతతితో పోట్లాడుతుంది. ఆ తాతలిద్దరూ ఒకే ముత్తాత బిడ్డలైతే, బయటివర్గం మీదికి వచ్చిన రోజున ఆ రెండు సంతతులూ ఒకే పక్షాన నిలబడతాయి. శత్రువు ఎంత దూరపువాడైతే బంధువుల వలయం అంత పెద్దదవుతుంది.

ఒక మనిషిని మరొకడు ఈటెతో చంపితే ఏం జరుగుతుందో ఆయన వివరంగా రాశారు. చంపినవాడు చిరుతపులి చర్మం భుజాన వేసుకునే ఒక పెద్దమనిషి ఇంటికి పరుగెత్తుతాడు. ఆ ఇంట్లో ఉన్నంతసేపు అతడిని ఎవరూ ముట్టుకోరు. చనిపోయినవాడి రక్తం చంపినవాడి ఒంట్లోకి వస్తుందని వారి విశ్వాసం కనుక, ఆ పెద్దమనిషి అతడి చేతి మీద గాటు పెట్టి రక్తం కార్చేదాకా అతడు ముద్ద ముట్టకూడదు, గుక్కెడు నీళ్లు తాగకూడదు. ఆ తర్వాత రాయబారాలు నడుస్తాయి. చనిపోయినవాడి బంధువులు మొదట పశువులు అక్కర్లేదంటారు, ప్రాణానికి ప్రాణమే కావాలంటారు. పరువు కోసం అలా అనవలసిందే. పెద్దమనిషి బతిమాలి, బెదిరించి, చివరికి 40 నుంచి 50 పశువుల పరిహారానికి ఒప్పిస్తాడు. ఈ వర్ణన చదివి నూయర్లు పుట్టుకతోనే పగల మనుషులని తేల్చినవారున్నారు. పుస్తకం చూపేది దాదాపు దానికి విరుద్ధం. అక్కడ పగకు హద్దు ఉంది, గడువు ఉంది, ధర ఉంది, మధ్యవర్తి ఉన్నాడు, చంపినవాడి ఒంటి మీదే దానికి గుర్తు ఉంది.

విద్యార్థిగా ఈ పుస్తకం మొదటిసారి చదివినప్పుడు దాని తొలి పేజీలను దాటేసి నేరుగా వంశవృక్షాల దగ్గరికి వెళ్లాను. అది పొరపాటని చాలాకాలం తర్వాత తెలిసింది. అసలు సంగతి ఆ తొలి పేజీల్లో ఉంది. 1930లో రచయిత నూయర్ల పశువుల మందల దగ్గర ఉండగా, ఒకనాడు సూర్యోదయ వేళ ప్రభుత్వ దళం వచ్చి శిబిరాన్ని చుట్టుముట్టింది. అంతకుముందు జరిగిన తిరుగుబాటుకు నాయకత్వం వహించిన ఇద్దరు ప్రవక్తల కోసం వెతికింది, కొందరిని బందీలుగా పట్టుకుంది, ప్రవక్తలను అప్పగించకపోతే మరెందరినో పట్టుకుంటామని బెదిరించింది. తన స్థితి ఇరకాటంలో పడిందని భావించిన రచయిత కొద్దికాలానికే ఆ ప్రాంతం విడిచి వెళ్లారు. ఆయనను అక్కడికి పంపింది కూడా అదే ప్రభుత్వం. 1927 డిసెంబరులో ఒక బ్రిటిష్ జిల్లా అధికారి హత్యకు గురయ్యాక ఆంగ్లో-ఈజిప్షియన్ సుడాన్ ప్రభుత్వం నూయర్ల మీద సైన్యాన్ని నడిపింది, విమానాల నుంచి బాంబులు వేయించింది. గ్వెక్ న్‌గుండెంగ్ అనే ప్రవక్తను 1929లో చంపించింది. ఆ పొగ ఇంకా చల్లారకముందే, ఈ ప్రజల్ని అర్థం చేసుకోవాలన్న కోరికతో ఒక పండితుడిని అక్కడికి పంపింది.

అందుచేత ఈ పుస్తకాన్ని పరిశోధకులు రెండు చేతులతో చదవాలి. నూయర్ల ఆలోచనకు ఇంత గౌరవం ఇచ్చిన వర్ణన మరొకటి అరుదు కనుక దాన్ని పారేయడానికి వీల్లేదు. అలాగని వంశవృక్షాల చక్కదనంలో పడి, బాంబుల ఊసు రెండు మూడు వాక్యాల్లో ముగిసిపోవడాన్ని మరచిపోవడానికీ వీల్లేదు. అందులోని నూయర్లు కాలం బయట నిలిచినట్టు కనిపిస్తారు. నిజానికి వాళ్లు అప్పుడే యుద్ధంలో ఓడినవాళ్లు. పరిశోధకుడు కులగోత్రాలు అడిగితే వాళ్లు సూటిగా జవాబు చెప్పకుండా మాట దాటవేసిన తీరును ఆయనే సరదాగా వర్ణించారు. ఆ తెల్లవారుజామును గుర్తుంచుకుని చదివితే ఆ మౌనానికి వేరే అర్థం తడుతుంది.

తెలుగు పాఠకులకు ఈ క్రమం కొత్తది కాదు. ఆదిలాబాద్ అడవుల్లో భూమి, అడవి, మేత హక్కుల కోసం కొమురం భీం నాయకత్వంలో గోండులు చేసిన తిరుగుబాటును నిజాం ప్రభుత్వం 1940లో తుపాకులతో అణచివేసింది, భీం ఆ కాల్పుల్లో మరణించారు. తర్వాత ఆ ప్రభుత్వమే గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకొమ్మని ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను కోరింది. జర్మన్ పాస్‌పోర్టు కారణంగా రెండో ప్రపంచయుద్ధ కాలంలో శత్రుదేశీయుడిగా లెక్కించబడి, హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లే స్వేచ్ఛ లేక ఉన్న వ్యక్తి ఆయన. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయి గ్రామంలో నివసించి, గోండుల భూములు ఎలా చేజారాయో ప్రభుత్వానికి రాశారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలవడంలో ఆయన చొరవ ఉంది. 1987లో మరణించిన బెట్టీని మార్లవాయిలోనే సమాధి చేశారు.

తిరుగుబాటు అణగారాక మానవశాస్త్రవేత్త రావడం రెండు చోట్లా ఒకటే. వచ్చినవారు చేసిన పని మాత్రం ఒకటి కాదు. హైమండార్ఫ్ నివేదికలు భూమి పట్టాల దాకా వెళ్లాయి, ఆయన పేరు గోండు పల్లెల్లో ఇప్పటికీ ఆదరంతో వినిపిస్తుంది. అయితే ఆ ఆదరం చెప్పి ఆయన పని చేసింది తిరుగుబాటును అణచిన ప్రభుత్వం తరఫున అన్న నిజాన్ని పక్కకు నెట్టడం, ఆ నిజం చెప్పి ఆదరాన్ని కొట్టిపారేయడం రెండూ నాకు సరైనవిగా తోచవు. పరిశోధకుడిని మంచివాడు, చెడ్డవాడు అని రెండు గదుల్లో పెట్టడం కంటే, ఆయన రాసిన ఏ కాగితం ఎవరి చేతికి వెళ్లింది, ఆ చేయి దానితో ఏం చేసింది అని అడిగినప్పుడు చదువు ముందుకు సాగుతుంది.

మళ్లీ నూయర్ల దగ్గరికి వద్దాం. ఎవాన్స్-ప్రిచర్డ్ వెళ్లిన అర్ధశతాబ్దం తర్వాత షారన్ హచిన్సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1980ల ఆరంభంలో అదే ప్రజల మధ్య నివసించారు. యుద్ధం మధ్యలో మళ్లీ వెళ్లి, 1996లో ‘నూయర్ డైలమాస్’ అనే పుస్తకం ప్రచురించారు. ఆమె పట్టుకున్న ప్రశ్న చూడటానికి చిన్నది: ఈటె పోయి తుపాకీ వస్తే పగకు ఏమవుతుంది? ఈటె ఎవరి చేతిలోంచి వచ్చిందో ఇరుపక్షాలకూ తెలుస్తుంది. తూటాకు ఆ ఊరూ పేరూ ఉండవు. పదిమంది ఒకేసారి కాలిస్తే పడిపోయినవాడి రక్తం ఎవరి ఒంట్లోకి వెళ్లినట్టు? ఎవరి చేతి మీద గాటు పెట్టాలి? ఎవరు నీళ్లు మానుకోవాలి? పరిహారపు పశువులను ఏ ఇంటి కొట్టంలోంచి తోలుకెళ్లాలి? హత్య చేసినవాడి ఒంటి మీద ఉండవలసిన గుర్తు తూటాతో పాటే గాలిలో కలిసిపోయింది.

ఆ అయోమయంలోకి సైన్యం ఒక వెసులుబాటు పట్టుకొచ్చింది. 1983లో ఖార్టూమ్ ప్రభుత్వం మీద మొదలైన తిరుగుబాటు సైన్యంలో నూయర్లు, వారి పొరుగువారైన డింకా ప్రజలు కలిసి పోరాడారు. ఆ సైన్యపు కమాండర్లు, వారిలో తర్వాత దక్షిణ సుడాన్ ఉపాధ్యక్షుడైన నూయర్ నాయకుడు రియెక్ మచార్ కూడా, ప్రజలకు కొత్త విభజన ఒకటి నేర్పారు. ఇళ్ల మధ్య వచ్చే తగాదాలో చంపితే అంటు ఉంటుంది, పరిహారం ఉంటుంది. ‘ప్రభుత్వ యుద్ధం’లో చంపితే అంటూ లేదు, పరిహారమూ లేదు. నూయర్లు దాన్ని ‘కూర్ కుమే’ అన్నారు. ‘కుమే’ అన్నది ప్రభుత్వం అనే అర్థంగల అరబ్బీ మాట ‘హుకూమా’ నుంచి వచ్చింది. మన ‘హుకుం’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. పై నుంచి హుకుం వచ్చిన హత్యకు చేతి మీద గాటు అక్కర్లేదన్నమాట. ఈ మార్పు అర్థమైతే, ‘అనాదిగా వస్తున్న పగలు’ అన్న వివరణ ఎందుకు తలకిందులుగా ఉందో బోధపడుతుంది. పాత కట్టుబాట్లు తెగి, హత్యకు బాధ్యత లేకుండా పోయాకే మరణాలు వేలల్లోకి వెళ్లాయి.

తర్వాతి చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1991లో తిరుగుబాటు సైన్యం చీలి, మచార్ పక్షం బోర్ ప్రాంతంలో డింకా పౌరులను పెద్దఎత్తున చంపింది. ఆ చీలిక నాయకత్వం కోసం, ఉద్యమ లక్ష్యం గురించి వచ్చిన వివాదం. దాని వెనుక 1970ల చివర బెంటియు పరిసరాల్లో బయటపడిన చమురు కూడా ఉంది. 1999లో వున్‌లిట్ అనే ఊళ్లో డింకా, నూయర్ గ్రామపెద్దలు కూర్చుని, తెల్ల ఎద్దును బలి ఇచ్చి, పరస్పరం రాజీ పడ్డారు. పాతకక్షలే కారణమైతే అలా కూర్చోగలిగేవారా? పైగా నూయర్లలో పెద్ద భాగం డింకా మూలాలవారేనని, దాడుల్లో పట్టుబడినవారిని, వలసవచ్చినవారిని వంశాల్లో కలుపుకున్నారని ఎవాన్స్-ప్రిచర్డ్ ఆనాడే రాశారు. ‘తెగ’ గోడకు తలుపు ఉందని ఆ పునాది గ్రంథమే చెప్పింది. దాని పేరు విన్నవాళ్లలో చాలామంది ఆ మాట దాకా చదవలేదు.

2013 డిసెంబరు 15న దక్షిణ సుడాన్ రాజధాని జూబాలో అధ్యక్షుడి రక్షకదళంలో కాల్పులు మొదలయ్యాయి. తర్వాతి రోజుల్లో ప్రభుత్వ సైనికులు ఇల్లిల్లూ వెతికి నూయర్ పురుషులను చంపారు. కొద్దికాలానికే బోర్, బెంటియు వంటి పట్టణాల్లో నూయర్ సాయుధులు డింకాలను, ఇతరులను చంపారు. జూబాలో మనుషులను ఎలా వేరుచేశారన్నది నన్ను చాలాకాలం వదలలేదు. మాట్లాడే భాషను బట్టి, నుదుటి గాట్లను బట్టి వేరుచేశారని మానవహక్కుల సంస్థలు నమోదు చేశాయి. ఆ గాట్లను ‘గార్’ అంటారు. బాలుడు పురుషుడయ్యే సందర్భంలో నుదుటి మీద ఒక చెవి నుంచి మరో చెవి దాకా ఆరు గీతలు కోస్తారు. పాత పుస్తకంలో అది పండుగ, ధైర్యానికి పరీక్ష, తోటి ఈడువాళ్లతో జీవితాంతపు బంధం. 2013లో తుపాకీ పట్టినవాడికి అది చెరిపేయడానికి వీలులేని గుర్తింపు కార్డు అయింది.

గుర్తింపు కార్డు అన్నది ఉపమానం కాదు. రువాండాలో బెల్జియన్ పాలకులు 1930ల్లో ప్రతి మనిషి కార్డు మీదా హుటు, టుట్సీ, ట్వా అన్న ముద్ర వేశారు. అప్పటిదాకా పశుసంపద, రాజాస్థానానికి సాన్నిహిత్యం బట్టి కొంత అటూ ఇటూ కదలగలిగిన హోదా ఆ ముద్రతో రక్తంలోకి ఇంకిపోయింది. టుట్సీలు ఎక్కడి నుంచో వచ్చిన శ్రేష్ఠజాతి అన్న ఊహను ఆ కాలపు పండిత గ్రంథాలు మోశాయి. 1994లో టుట్సీల ఊచకోత జరిగినప్పుడు రోడ్ల మీద అడ్డంగా దుంగలు వేసి నిలబడినవాళ్లు ఆ కార్డులే అడిగారు. మన శాస్త్రపు పుస్తకాలు ఆ దుంగల దగ్గరికి నడిచి వెళ్లలేదు గానీ, ఆ దారి వేసినవాళ్ల చేతుల్లో అవి ఉన్నాయి. ఈ సంగతి తెలిసిన పరిశోధకులు ‘తెగ’ అని రాసేటప్పుడు కలం తేలిగ్గా కదలదు.

సుడాన్ పశ్చిమాన ఉన్న దార్ఫూర్ ప్రాంతపు కథలో ఇదే దారం మరోలా సాగుతుంది. 1984-85 కరువు సమయంలో అక్కడ పరిశోధన చేసిన అలెక్స్ డి వాల్, ఆకలితో ఉన్న కుటుంబాలు ధాన్యం, విత్తనాలు, పశువులు కొంత మిగిలి ఉండగానే పస్తులున్నాయని గమనించారు. రేపు మళ్లీ రైతుగా, పశుపాలకుడిగా బతకాలంటే ఇవాళ విత్తనం తినకూడదన్నది వారి లెక్క. మరణాల్లో ఎక్కువ భాగం నేరుగా తిండి లేక కాదు, గుంపులుగా చేరిన చోట మురికినీటి వల్ల, అంటువ్యాధుల వల్ల సంభవించాయని కూడా ఆయన చూపారు. ఈ పరిశోధన మీద 1989లో వచ్చిన ఆయన పుస్తకం కరువును ఆహారపు లోటుగా మాత్రమే చూసే అలవాటును కదిలించింది.

ఆ పర్యటనలోనే, 1985లో, హిలాల్ అబ్దల్లా అనే వృద్ధ సంచార షేక్‌ను ఆయన గుడారంలో డి వాల్ కలిశారు. రైతుల పొలాల మధ్య నుంచి ఒంటెలకు దారి ఇచ్చే పాత సర్దుబాటు చెడిపోతోందని, వానలు కరువై తన ప్రపంచం కూలిపోతోందని ఆ పెద్దాయన దిగులుపడ్డాడు. పశువులు పోగొట్టుకుని రైతులైపోవడం కంటే దుస్థితి ఆయన ఊహలో లేదు. ఆయన కొడుకు మూసా హిలాల్, 2003 నుంచి దార్ఫూర్ గ్రామాలను తగలబెట్టిన జంజావీద్ దళాల నాయకుల్లో ప్రముఖుడు. తండ్రి దిగులుకు, కొడుకు తుపాకీకి మధ్య ఉన్న 18 ఏళ్లను నింపకుండా ‘అరబ్బులు, ఆఫ్రికన్ల మధ్య ఘర్షణ’ అని రాస్తే ఆ వాక్యం అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ నడుమ ఎండిపోయిన మేతలు, తిరుగుబాటును చౌకగా అణచడానికి సంచారుల పేదరికాన్ని ఆయుధంగా వాడుకున్న ఖార్టూమ్ ప్రభుత్వం, ఆ ప్రభుత్వం పంచిన తుపాకులు, వాహనాలు ఆ వాక్యంలోంచి జారిపోతాయి.

ఆ జంజావీద్ దళాల నుంచే 2013లో సత్వర సహాయక దళాలు అనే సాయుధ సంస్థ ఏర్పడింది. దాని నాయకుడు హెమెద్తీ. 2012లో జబల్ ఆమిర్ వద్ద బంగారం బయటపడింది. ఆ గనులు 2017లో ఈ దళం చేతికి వచ్చాక దానికి సొంత ఖజానా ఏర్పడింది. 2023లో అది దేశ సైన్యంతోనే యుద్ధానికి దిగింది. ఆ ఏడాదే అల్ జునైనాలో మసాలీత్ ప్రజలను ఊచకోత కోసింది. 2024 ఆగస్టులో జమ్‌జమ్ నిర్వాసిత శిబిరంలో కరువు నెలకొన్నట్టు అంతర్జాతీయ నిపుణులు నిర్ధారించారు. సుమారు 18 నెలల ముట్టడి తర్వాత 2025 అక్టోబరులో అల్ ఫాషిర్ నగరం ఆ దళం వశమైంది. ఈ వార్తలు చదివే పరిశోధకుడి పక్కన డి వాల్ పుస్తకం ఉంటే ప్రశ్నలు మారతాయి. ఎన్ని టన్నుల ధాన్యం లోపించిందన్న ప్రశ్నకు తోడు, ఏ దారి మీద ఎవరి చెక్‌పోస్టు ఉంది, పొలం విత్తే నెలల్లో ఊళ్లు ఖాళీ అయ్యాయా, బావి ఎవరి చేతిలో ఉంది, బంగారం ఎటు వెళ్తోంది అని కూడా అడగవలసి వస్తుంది. 1985లో కుటుంబాలు తమ ఆకలిని తామే కొలుచుకుని రేపటి కోసం విత్తనం దాచుకోగలిగాయి. ముట్టడిలో చిక్కిన నగరంలో ఆ లెక్కకు తావే లేదు. 2024 నాటి ఆకలి చాలావరకు మనుషులు చేసినది.

ఇలా చదివేవారు నిత్యం ఒక ప్రమాదం అంచున నడుస్తారు. ప్రతి హత్యకూ ఆచారంలో అర్థం వెతకడం మొదలుపెడితే, హంతకుడికి సంస్కృతి అనే ముసుగు దొరుకుతుంది. ప్రతిదానికీ చమురు, బంగారం, అగ్రరాజ్యాలే కారణమంటే, అక్కడి మనుషులు తోలుబొమ్మలవుతారు. వున్‌లిట్‌లో తెల్ల ఎద్దును బలి ఇచ్చినవారికీ, బోర్‌లో గొంతులు కోసినవారికీ సొంత నిర్ణయం అంటూ లేనట్టవుతుంది. హచిన్సన్ పుస్తకాన్ని నేను గొప్పదనడానికి కారణం, అంటు గురించిన విశ్వాసాన్నీ, కమాండర్ల ప్రయోజనాన్నీ ఆమె ఒకే పేజీలో ఉంచి, ఏ ఒక్కదానికీ రెండోదాన్ని బలి చేయకపోవడం.

ఇక రాజకీయం. మానవశాస్త్రవేత్త తటస్థుడిగా ఉండాలా అన్న వాదన కొత్తది కాదు. 1919 డిసెంబరులో అమెరికన్ మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయస్ ‘ది నేషన్’ పత్రికలో ఒక లేఖ ప్రచురించారు. మొదటి ప్రపంచయుద్ధంలో కనీసం నలుగురు మానవశాస్త్రవేత్తలు పరిశోధన ముసుగులో గూఢచర్యం చేశారని, పేర్లు చెప్పకుండా ఆరోపించారు. శాస్త్రజ్ఞుడినని చెప్పుకుని వెళ్లి గూఢచారిగా పనిచేసేవాడు, తర్వాత వచ్చే నిజాయితీపరుల మీద కూడా అనుమానం నాటుతాడన్నది ఆయన ఆవేదన. పది రోజులకే అమెరికన్ మానవశాస్త్ర సంఘం గూఢచారులను కాక, బోయస్‌నే 20-10 ఓట్ల తేడాతో అభిశంసించింది. ఆ అభిశంసనను సంఘం 2005లో రద్దు చేసింది. అప్పటికి బోయస్ మరణించి ఆరు దశాబ్దాలు దాటింది.

రెండేళ్లు తిరగకుండానే అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. అఫ్గానిస్తాన్, ఇరాక్‌లలో పనిచేసే అమెరికా సైనిక దళాల వెంట సామాజిక శాస్త్రవేత్తలను పంపే ‘హ్యూమన్ టెరైన్ సిస్టమ్’ అనే పథకం 2007లో రంగంలోకి దిగింది. స్థానికుల్ని అర్థం చేసుకుంటే రక్తపాతం తగ్గుతుందని దాని సమర్థకులు అన్నారు. వారిలో చిత్తశుద్ధితో వెళ్లినవారూ ఉన్నారు, ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలు ఆ పనిలో ప్రాణాలు అర్పించారు. అయితే సాయుధ సైనికుల పక్కన నిలబడి అడిగే ప్రశ్నకు గ్రామస్థుడు ‘చెప్పను’ అనగలడా? చెప్పిన మాట రేపు ఎవరి ఇంటి మీద దాడికి దారి తీస్తుందో అడిగినవాడికి తెలుసా? ఈ కారణాలతోనే అమెరికన్ మానవశాస్త్ర సంఘపు కార్యనిర్వాహక వర్గం 2007 అక్టోబరులో ఆ పథకాన్ని వ్యతిరేకించింది. పథకం 2014లో ముగిసింది. 1930లో శిబిరాన్ని చుట్టుముట్టిన దళం దగ్గర కనీసం పరిశోధకుడు లేడు, అతడు శిబిరంలో ఉన్నాడు. ఈ పథకంలో అతడు దళంతో కలిసి వచ్చాడు.

2023 జూన్, జులై నెలల్లో అదే సంఘం ఇజ్రాయెల్ విద్యాసంస్థలను బహిష్కరించాలన్న తీర్మానం మీద సభ్యుల ఓటింగ్ నిర్వహించింది. అర్హులైన సభ్యుల్లో 37 శాతం మంది ఓటు వేయగా, వారిలో 71 శాతం మంది తీర్మానాన్ని సమర్థించారు. పాలస్తీనా విద్యార్థులకు, పరిశోధకులకు దక్కని విద్యాస్వేచ్ఛను సమర్థకులు ఎత్తి చూపారు. ప్రభుత్వాన్ని విమర్శించే ఇజ్రాయెలీ పండితులనే ఈ బహిష్కరణ ఒంటరులను చేస్తుందని వ్యతిరేకులు వాదించారు. మూడు నెలలకు అక్టోబరు 7 దాడి, ఆ తర్వాత గాజా యుద్ధం మొదలయ్యాయి, వాదన మరింత పదునెక్కింది. పక్షం తీసుకోవడం పరిశోధనకు మచ్చ అనే అభిప్రాయం నాది కాదు. ప్రజల మధ్య ఏళ్ల తరబడి వారి అన్నం తిని, వారి ఇళ్లు కూలిన రోజున తటస్థుడినని చెప్పుకోవడం నాకు మింగుడుపడదు. కాని నా పక్షానికి ఇబ్బంది కలిగించే సాక్ష్యాన్ని కూడా అంతే శ్రద్ధతో రాసుకోకపోతే, నేను పక్షం తీసుకోవడం వల్ల ఆ ప్రజలకు ఒరిగేదేమీ లేదు. వారికి ఉపన్యాసం ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, జరిగింది జరిగినట్టు రాసేవాళ్లే తక్కువ.

రాసుకోవడం కూడా నిరపాయకరమైన పని కాదు. ఉత్తర ఐర్లాండ్ సంఘర్షణలో ఆయుధాలు పట్టిన మాజీ సాయుధులతో 2001 నుంచి 2006 దాకా ఒక మౌఖిక చరిత్ర ప్రాజెక్టు కింద మాటలు రికార్డు చేశారు. చెప్పినవారు బతికుండగా వాటిని బయటపెట్టబోమని వారికి మాట ఇచ్చారు. 1972లో జరిగిన ఒక హత్య దర్యాప్తు కోసం 2011లో ఆ టేపులను బ్రిటన్ అధికారులు అమెరికన్ న్యాయస్థానాల ద్వారా కోరారు, కొన్ని వారి చేతికి వెళ్లాయి. హత్యకు గురైనవారి పిల్లలకు నిజం తెలుసుకునే హక్కు ఉంది. మాట నమ్మి నోరు విప్పినవారికి ఇచ్చిన హామీ కూడా ఉంది. ఆ రెంటినీ తూచే తక్కెడ పరిశోధకుడి దగ్గర లేదు. న్యాయస్థానం ముందు నిలబడని హామీ ఇవ్వకుండా ఉండటం మాత్రం అతడి చేతిలో ఉంది.

అందుకే సంఘర్షణ ప్రాంతం నుంచి వచ్చిన నోటు పుస్తకంలో కొన్ని వివరాలు కనిపించవు. ఏ కుటుంబం ఏ గంటకు ఏ వాగు దాటిందో, ఏ యాసతో మాట్లాడితే చెక్‌పోస్టులో అనుమానిస్తారో, ఎవరి నుదుటి గీతలు ఎలా ఉంటాయో ఒకప్పుడు గర్వంగా రాసుకునేవారు. ఇప్పుడు వాటిలో ప్రతిదాన్నీ, ఇది రేపు దుంగ అడ్డంగా వేసి నిలబడినవాడి చేతిలో పడితే ఏమవుతుందని ఆలోచించి రాస్తారు, కొన్నింటిని రాయకుండా వదిలేస్తారు. ఊరి పేరు మారుస్తారు, తేదీని ఒక వారం అటో ఇటో జరుపుతారు. మాట చెప్పిన మనిషి పేరు ఉండవలసిన చోట ఒక అంకె ఉంటుంది. ఏ అంకె ఎవరిదో తెలిపే కాగితం వేరొక దేశంలో, వేరొక పెట్టెలో ఉంటుంది.